ఉన్న ఊళ్లోనే ఉండి మనుషులను సంపాదించుకోవడం: నెల్లూరు, ఒంగోలు వాళ్ల కోసం బ్లాగు, సోషల్ మీడియా మార్గదర్శి

కందుకూరులో బీటెక్ పూర్తి చేసిన అమ్మాయికి, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసే కుర్రాడికి, ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే కుటుంబానికి ఉన్న ఇబ్బంది ఒకటే. పని వచ్చు. ఆ సంగతి తెలిసినవాళ్లంతా ఊళ్లోనే ఉన్నారు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు, సరుకు కొనేవాళ్లు, దారి చెప్పేవాళ్లు మాత్రం చెన్నైలోనో, బెంగళూరులోనో, ఇంకా దూరంలోనో ఉన్నారు. పలుకుబడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు బాబాయో మామయ్యో ఒక్క ఫోన్ చేస్తే పని అయిపోతుంది. అలా ఫోన్ చేసే పెద్దవాళ్లు లేనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అడగడంతో మొదలుపెట్టకండి, పనికొచ్చేది రాసి పెట్టడంతో మొదలుపెట్టండి. బ్లాగులో రాసింది నిలిచి ఉంటుంది. సోషల్ మీడియా దాన్ని నలుగురికీ చేరుస్తుంది. పరిచయం మాత్రం ఒక్కో మనిషితో విడిగా మాట్లాడితేనే కుదురుతుంది. చాలామంది ఈ వరసను తలకిందులు చేసి, ముందే వందమందికి 'హాయ్ సార్' అని పంపించి, జవాబు రాలేదని బాధపడతారు.

మొదటి అడుగు: ఎవరు కావాలో కాగితం మీద రాసుకోండి

'నెట్‌వర్క్ పెంచుకోవాలి' అనుకుంటే ఏమీ జరగదు. ఎవరితో పరిచయం కావాలి, ఎందుకు కావాలి అన్నది స్పష్టంగా ఉండాలి. ఉదాహరణకు 'రొయ్యల మేత కంపెనీల్లో టెక్నికల్ పనిచేసేవాళ్లు, ఆ ఉద్యోగం ఎలా వస్తుందో తెలుసుకోవడానికి' అని రాసుకుంటే అది పనికొస్తుంది. 'పెద్ద పెద్ద వాళ్లు' అని రాసుకుంటే పనికిరాదు.

ఆ కాగితంలో స్నేహాలకు కూడా చోటు ఇవ్వండి. చదువుకునేవాళ్ల బృందం, పద్యాలు ఇష్టపడేవాళ్లు, పాత నాణేలు పోగుచేసేవాళ్లు, ఏదైనా సరే. ఊళ్లో తోడు దొరకని అభిరుచి ఉన్నవాళ్లకు ఒంటరితనం ఎంత బరువో నాకు తెలుసు. అలాంటి తోడు దొరకడం ఉద్యోగం దొరకడం కంటే చిన్న విషయమేమీ కాదు.

రెండో అడుగు: మీ చుట్టూ ఉన్న విషయాన్నే పట్టుకోండి

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. హైదరాబాదులో కూర్చున్నవాళ్లు రాసే విషయాలనే, మొబైల్ రివ్యూలు, మోటివేషన్ మాటలు, సినిమా కబుర్లు, మనమూ రాస్తాం. ఆ గుంపులో మన గొంతు వినపడదు. మన దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకని విషయాన్ని మాత్రం పక్కన పెట్టేస్తాం.

కాస్త చుట్టూ చూడండి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకు వెళుతుంది. నల్లరాయిలో బంగారు చుక్కల్లా మెరిసే ఆ రాయిని ఎలా ఎంచుకోవాలి, పలకలో సన్నని పగులును ఎలా గుర్తుపట్టాలి అన్నది ఆ పనిలో ఉన్న కుర్రాడు ఫోటోలతో రాస్తే, కొనుగోలుదారులకూ ఆర్కిటెక్టులకూ అది కావలసిన సమాచారం. ఒంగోలు గిత్తల సంతతే బ్రెజిల్‌లో 'నెలోర్' పేరుతో ఆ దేశపు మాంసపు పశువుల్లో పెద్ద వాటా అయింది. మన పల్లెలో ఒక గిత్తను పెంచే తీరు, దాని మేత, బండలాగుడు పందేలకు తయారుచేసే పద్ధతి గురించి రాస్తే ఆసక్తి ఉన్నవాళ్లు సముద్రం అవతల కూడా ఉన్నారు. టంగుటూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగ్, మార్కాపురం పలకలు, మొలగొలుకుల బియ్యం, కంభం చెరువు కింద సాగు, ఇవన్నీ ఎవరో ఒకరు నెట్‌లో వెతుకుతున్న సంగతులే.

సాఫ్ట్‌వేర్ చదివినవాళ్లకు ఇది వర్తించదని అనుకోవద్దు. ఊళ్లో కిరాణా కొట్టు లెక్కలకు ఒక చిన్న ప్రోగ్రామ్ రాశారనుకోండి. 'మా వీధి కొట్టులో అప్పుల పుస్తకాన్ని ఫోన్‌లోకి ఎలా మార్చాను' అన్న వ్యాసం, పాఠం చూసి కాపీ చేసిన ప్రాజెక్టు కంటే ఇంటర్వ్యూలో ఎన్నో రెట్లు ఎక్కువ మాట్లాడిస్తుంది.

మూడో అడుగు: బ్లాగు పెట్టండి, అది మీ సొంత ఇల్లు

ఫేస్‌బుక్‌లో మీరు రాసింది రెండు రోజుల్లో అడుగున పడిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో కింద పెట్టిన లింకు నొక్కినా తెరుచుకోదు. బ్లాగులో రాసింది మాత్రం ఏళ్ల తర్వాత కూడా గూగుల్‌లో వెతికినవాళ్లకు దొరుకుతుంది. అందుకే బ్లాగుల కాలం అయిపోయిందనే మాటను నేను ఒప్పుకోను.

డబ్బు ఖర్చు లేకుండా బ్లాగర్‌లో గానీ వర్డ్‌ప్రెస్‌లో గానీ మొదలుపెట్టవచ్చు. బ్లాగర్ 2003 నుంచి గూగుల్ చేతిలో ఉంది, జీమెయిల్ ఉంటే చాలు. సొంత డొమైన్, అంటే మీకే సొంతమైన వెబ్ చిరునామా, తర్వాత కొనుక్కోవచ్చు. పేరు దగ్గర వారాలు గడపకండి. మీ పేరు, మీ విషయం కలిసేలా ఒకటి పెట్టేయండి.

తెలుగులో రాసేవాళ్లకు మూడు సాంకేతిక జాగ్రత్తలు చెప్పాలి. వీటి గురించి చెప్పేవాళ్లు తక్కువ, వీటివల్ల పోయే శ్రమ ఎక్కువ.

ఒకటి, యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనపడే అక్షరాల్లో, టైప్ చేయండి. మన డీటీపీ షాపుల్లో చాలాచోట్ల అను ఫాంట్లలో కొడతారు. అది అచ్చుకు బాగుంటుంది గానీ బ్లాగులో అతికిస్తే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనపడతాయి. గూగుల్ కూడా దాన్ని తెలుగుగా చదవలేదు. ఫోన్‌లో గూగుల్ వాళ్ల జీబోర్డు కీబోర్డు పెట్టుకుంటే తెలుగులో టైప్ చేయవచ్చు, మైకు నొక్కి మాట్లాడినా అక్షరాలు పడతాయి. కంప్యూటర్‌లో అయితే లేఖిని అనే వెబ్‌సైటు ఉంది, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది.

రెండు, సమాచారమంతా పోస్టరు బొమ్మలో పెట్టేయకండి. అందమైన బొమ్మ మీద తెలుగు అక్షరాలు ఉన్నా అవి వెతుకులాటకు సరిగా అందవు, కళ్లు కనపడనివాళ్ల ఫోన్ సరిగా చదివి వినిపించలేదు. బొమ్మ పెట్టండి, కింద అదే విషయం అక్షరాల్లోనూ రాయండి.

మూడు, చిరునామా సరిచూసుకోండి. శీర్షిక పూర్తిగా తెలుగులో పెడితే బ్లాగర్ ఆ టపాకు, అంటే ఆ బ్లాగు వ్యాసానికి, 'బ్లాగ్ పోస్ట్' అనే మాటతో అర్థంలేని చిరునామా తయారుచేస్తుంది. వర్డ్‌ప్రెస్ లింకును వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో నిండిన పొడవాటి తోక కనపడుతుంది, చూసినవాళ్లు వైరస్ అనుకుని భయపడతారు. ప్రచురించే ముందే పర్మాలింక్ అనే చోట ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు మాటలు మీరే పెట్టండి.

చివరగా 'నా గురించి' అనే పేజీ. మీరు ఎవరు, ఎక్కడ ఉంటారు, ఏ పని తెలుసు, ఎలాంటి మాటలకు ఎదురుచూస్తున్నారు అన్నది ఐదారు వాక్యాల్లో. ఈమెయిల్ ఇవ్వండి, ఫోన్ నంబరు ఇవ్వొద్దు. ఈ పేజీ లేని మంచి బ్లాగులు నేను చాలా చూశాను. చదివినవాళ్లకు పలకరించాలని ఉన్నా, ఎవరిని పలకరించాలో తెలియదు.

నాలుగో అడుగు: ఒక్క ప్రశ్నకు ఒక్క టపా

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర పనిచేసే టెక్నీషియన్ ఒకరు రాయడం మొదలుపెట్టారనుకుందాం. 'ఆక్వాకల్చర్ ఒక పరిచయం' అని రాస్తే ఎవరూ చదవరు, పాఠ్యపుస్తకాల్లో అది ఉంది. 'తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ ఎందుకు పడిపోతుంది?' అని రాస్తే ప్రతి రైతూ ఆగి చదువుతాడు.

జవాబు కూడా అతనికి తెలిసిందే. పగలు నీళ్లలోని పచ్చని నాచు ఎండ సాయంతో ఆక్సిజన్ విడుదల చేస్తుంది. చీకటి పడ్డాక ఆ పని ఆగిపోతుంది. అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి రాత్రంతా ఆక్సిజన్‌ను వాడుకుంటూ పోతాయి. అందుకే పొద్దు పొడిచే ముందు అది బాగా తగ్గుతుంది, మబ్బు పట్టిన రోజు మరుసటి ఉదయం ఇంకా తగ్గుతుంది. ఆ వేళ ఏరేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, ఆపకూడదు. దీనికి తన గుంట దగ్గర తీసిన ఫోటో, మీటరు రీడింగ్, ఆ రోజు వాతావరణం జోడిస్తే టపా పూర్తయింది.

ఇలాంటి టపా చదివిన మేత కంపెనీ మనిషికి ఈ కుర్రాడికి పని తెలుసని రెజ్యూమె చూడకుండానే అర్థమవుతుంది. పక్క ఊరి రైతు టపా కింద కామెంటు పెట్టి 'మా గుంటలో రొయ్యలు పైకి తేలుతున్నాయి, ఏం చేయాలి తమ్ముడూ' అని అడుగుతాడు. ఒకటి ఉద్యోగానికి దారి, ఇంకొకటి ఊళ్లో గౌరవం. రెండూ ఒకే టపా తెచ్చిపెట్టాయి.

తెలియనిది రాయకండి. మందుల మోతాదులు, పెట్టుబడి సలహాలు, వైద్యం లాంటివి అర్హత లేకుండా చెబితే ఒక కుటుంబం నష్టపోవచ్చు. ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో పనిచేసేవాళ్లు యజమాని అనుమతి లేకుండా లోపలి ఫోటోలు, కొనేవాళ్ల పేర్లు, ధరలు బయటపెట్టవద్దు.

భాష సంగతికి వస్తే, రైతులకూ ఊరివాళ్లకూ తెలుగులో రాయండి. కొనుగోలుదారులు, కంపెనీలవాళ్లు చూడాలనుకుంటే చివర నాలుగు వాక్యాల ఇంగ్లీషు సారాంశం చాలు. ఆ ఇంగ్లీషును ఏఐ సాయంతో సరిదిద్దుకోవచ్చు గానీ, టపా మొత్తాన్ని దానితోనే రాయించకండి. మీ ఊరి మట్టి వాసన పోయిందంటే మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి కారణం ఉండదు.

ఎన్ని రోజులకు ఒకటి? వారానికి ఒకటి రాయగలిగితే బాగుంది, నెలకు రెండైనా పర్వాలేదు. మొదటి నెలల్లో ఎవరూ చదవకపోవడం మామూలే, టెన్షన్ పడకండి.

ఐదో అడుగు: వేదికలు అన్నీ వద్దు, ఒకటో రెండో

ఉద్యోగం, వ్యాపారం కావాలంటే లింక్డ్‌ఇన్. పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటు ఇస్తుంది, దాన్ని వృథా చేయకండి. 'ఉద్యోగం కోసం చూస్తున్నాను' అన్నది మీ అవసరం. 'రొయ్యల గుంటల నీటి పరీక్షలు, రైతులకు శిక్షణ, నెల్లూరు తీరం' అన్నది ఎదుటివాళ్ల అవసరం. రెండోదే రాయండి. ఉద్యోగం వెతుకుతున్నట్టు ఇప్పుడున్న కంపెనీకి తెలియకూడదనుకుంటే 'ఓపెన్ టు వర్క్' గుర్తును రిక్రూటర్లకే కనపడేలా పెట్టుకోండి. మీ కంపెనీ రిక్రూటర్లకు పూర్తిగా కనపడదన్న హామీ మాత్రం లేదు.

చేత్తో చేసే వస్తువులకు ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్. ఉదయగిరిలో మామూలు కొయ్య ముక్క చెంచాగా మారడం ముప్పై సెకన్ల వీడియోలో చూపిస్తే వర్ణన అక్కరలేదు. చేతులు, ఉలి చప్పుడు ఉంటే చాలు, సినిమా పాట కలపకండి. ఫేస్‌బుక్‌లో మన పెద్దవాళ్లు, రైతులు, పాత క్లాస్‌మేట్లు ఉన్నారు. ఎక్స్ (పాత ట్విట్టర్) విలేకరులకూ అధికారులకూ పనికొస్తుంది, కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టనక్కరలేదు.

తెలుగు వికీపీడియాను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. 2003 చివరి నుంచి నడుస్తున్న ఈ విజ్ఞాన సర్వస్వంలో మన ఊళ్ల పేజీలు ఉన్నాయి, చాలావాటిలో సమాచారం పలచగా ఉంటుంది. మీ ఊరి పేజీని ఆధారాలతో మెరుగుపరచండి, మీరు తీసిన చెరువు ఫోటో చేర్చండి. ఓపికగా తప్పులు దిద్ది నేర్పే పెద్దలు అక్కడ పరిచయమవుతారు. తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్లకు అంతకంటే మంచి స్నేహబృందం నాకు కనపడలేదు.

ఆరో అడుగు: ముక్కు మొహం తెలియనివాళ్లకు ఎలా రాయాలి

ముందు మీ కాలేజీతో మొదలుపెట్టండి. లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ లేదా యూనివర్సిటీ పేజీకి వెళితే 'అలమ్నై' అనే చోటు ఉంటుంది. అక్కడ చదివినవాళ్లు ఏ నగరంలో, ఏ కంపెనీలో ఉన్నారో వడపోసి చూడవచ్చు. విక్రమ సింహపురి యూనివర్సిటీలోనో కావలి జవహర్ భారతిలోనో చదివి ఇప్పుడు బెంగళూరులో ఉన్న అన్నకో అక్కకో రాస్తే, ఎవరో తెలియని మేనేజరుకు రాసినదానికంటే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

రాసే ముందు వాళ్ల పోస్టులు కొన్ని చదవండి. ఒకటి రెండింటి కింద నిజంగా ఉపయోగపడే మాట రాయండి. 'సూపర్ సార్' అన్నది ఎవరికీ గుర్తుండదు. 'మా గుంటల్లో బోరు నీళ్లు వాడతాం, అక్కడ ఈ లెక్క కొంచెం మారుతోంది' అన్నది గుర్తుంటుంది. ఆ తర్వాత విడిగా ఇలా రాయవచ్చు:

'నమస్కారం మేడమ్. మాది అల్లూరు, మెరైన్ బయాలజీ చదివాను. హేచరీల్లో నీటి పరీక్షల గురించి మీరు రాసింది చదివాను. బోరు నీళ్లు వాడే గుంటలకు కూడా ఆ పద్ధతి పనికొస్తుందా అన్నది నా సందేహం. నేను రాసి పెట్టుకున్న రీడింగులు ఈ లింకులో ఉన్నాయి. తీరిక దొరికినప్పుడు ఒక్క వాక్యంలో చెప్పినా చాలు.'

ఇందులో మీరు ఎవరో ఉంది, వాళ్లనే ఎందుకు అడుగుతున్నారో ఉంది, సులభంగా జవాబు చెప్పగల ఒకే ప్రశ్న ఉంది, మీ పనికి రుజువు ఉంది. ఉద్యోగం మాట లేదు. ఆ మాట తర్వాత వస్తుంది, చాలాసార్లు వాళ్ల నోటి నుంచే వస్తుంది.

జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయండి. మళ్లీ రాకపోతే వదిలేయండి. అది అవమానం కాదు, వాళ్ల రోజు ఎలా ఉందో మనకు తెలియదు. జవాబు వస్తే, వాళ్లు చెప్పినట్టు చేసి చూసి ఏమైందో తప్పక తెలియజేయండి. సలహా అడిగేవాళ్లు చాలామంది, ఫలితం చెప్పేవాళ్లు బహు తక్కువ. ఆ రెండో ఉత్తరంతోనే పరిచయం గట్టిపడుతుంది.

ఏడో అడుగు: తీసుకున్నది తిప్పి ఇవ్వండి

నెల్లూరు వాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె ఇలా ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె. కోరిక తీరినవాళ్లు తిరిగి వచ్చి, అదే కోరికతో ఉన్న ఇంకొకరి చేతిలో రొట్టె పెడతారు. మతం అడగరు, ఊరు అడగరు. పరిచయాలు కూడా అలా చేతులు మారుతూ ఉండాలి.

మీకు ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నలు అడిగారో బ్లాగులో రాయండి. మీ కంపెనీలో ఖాళీ ఉంటే జూనియర్ల గ్రూపులో పెట్టండి. ఎవరైనా మంచి పని చేస్తే వాళ్ల పేరు చెప్పి, వాళ్ల లింకు ఇచ్చి మెచ్చుకోండి. మొదటి ఉద్యోగం కూడా రాని మనిషి ఏమివ్వగలడని అడుగుతారు. స్థానిక సమాచారం ఇవ్వగలడు. కృష్ణపట్నం వైపు ఫలానా రోడ్డు ఎలా ఉందో, ఈ సీజన్‌లో రొయ్యలు ఏ కౌంట్‌కు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) వచ్చాయో, మన మిల్లుల దగ్గర ధాన్యం ధర ఎంతుందో దూరాన ఉన్నవాళ్లకు మీరే చెప్పగలరు.

వాట్సాప్ గ్రూపుల గురించి

ఒక గ్రూపులో 1024 మంది వరకు ఉండవచ్చు, కానీ మాటలు సాగేది చిన్న గ్రూపుల్లోనే. ఒక విషయం మీద ముప్పై నలభై మందితో నడిపితే మేలు. గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఫార్వర్డులు, పార్టీ గొడవలు వద్దని మొదటి రోజే రాసిపెట్టండి. అడగకుండా ఎవరినీ చేర్చకండి. ఎక్కువమందికి సమాచారం పంపడమే మీ పని అయితే ఛానెల్ పెట్టుకోండి, అందులో చేరినవాళ్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనపడవు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపినది మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుందని కూడా గుర్తుంచుకోండి.

కులం పేరుతో నడిచే గ్రూపుల గురించి నా మాట సూటిగా చెబుతాను. పని పరిచయాలకు వాటి మీద ఆధారపడవద్దు. అక్కడ దొరికే సాయం మీ పని చూసి వచ్చింది కాదు, అక్కడ అన్న మాట స్క్రీన్‌షాట్ అయి మీ పేరుతో బయట తిరుగుతుంది. హీరోల అభిమానుల తిట్ల యుద్ధాలకూ ఇదే వర్తిస్తుంది. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మీ ఫేస్‌బుక్ తెరిచి చూస్తారు.

జాగ్రత్తలు

ఉద్యోగం ఇస్తామని ముందుగా డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. టెలిగ్రామ్‌లో లైకులు కొడితే రోజుకింత ఇస్తామనేవాళ్లు మొదట కొంచెం ఇచ్చి, తర్వాత పెద్ద మొత్తం కట్టమంటారు. కువైట్‌కో ఇంకో దేశానికో పంపిస్తామనే ఏజెంటు దొరికితే, విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరు నమోదై ఉందో లేదో చూడండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ.

ఆడపిల్లలకు ఇంకాస్త చెప్పాలి. వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫోటో, గ్రూపుల్లో చేర్చే హక్కు రెండూ 'మై కాంటాక్ట్స్'కే పరిమితం చేయండి. టూ-స్టెప్ వెరిఫికేషన్, అంటే ఖాతాకు అదనపు పిన్, పెట్టుకోండి. ఇంటి వీధి, రోజూ ఎక్కే బస్సు తెలిసేలా ఫోటోలు పెట్టకండి. ఎవరైనా హద్దు దాటితే జవాబివ్వకుండా స్క్రీన్‌షాట్ తీసి, బ్లాక్ చేసి, ఇంట్లోనో స్నేహితులకో చెప్పండి. రాయడం మాత్రం ఆపొద్దు. తల్లిదండ్రులకు నా విన్నపం: ఇలాంటిది జరిగితే అమ్మాయి చేతిలో ఫోన్ లాక్కోకండి. లాక్కుంటే రెండోసారి ఏం జరిగినా మీకు చెప్పదు.

చివరి అడుగు: తెర దాటి కలవండి

సంక్రాంతికి అందరూ ఊరికి వస్తారు. హైదరాబాదు, బెంగళూరు, అమెరికా నుంచి వచ్చినవాళ్లు పండగ నాలుగు రోజులూ కాస్త తీరికగా ఉంటారు. డిసెంబరులోనే రాసి పెట్టండి: 'పండక్కి కావలి వస్తే ఓ అరగంట కలుద్దామన్నా' అని. చెన్నై నెల్లూరు నుంచి రైల్లో సుమారు మూడు గంటల దూరమే, ఒంగోలు నుంచి ఇంకాస్త ఎక్కువ. అక్కడ మీ రంగానికి సంబంధించిన ఎగ్జిబిషన్ ఉంటే, ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్లలో ఎవరెవరు వస్తున్నారో ముందే కనుక్కుని వెళ్లండి. మొదటిసారి కలిసేది టీ కొట్టులోనో హోటల్లోనో, నలుగురూ తిరిగే చోట, పగటిపూట పెట్టుకోండి.

కలిసినవాళ్ల పేరు, ఏం మాట్లాడుకున్నారు, ఏం పంపిస్తానన్నారు అన్నది ఆ రాత్రే ఒక నోటుబుక్కులో రాయండి. పంపిస్తానన్నది రెండు రోజుల్లో పంపించండి.

ఇలా కొన్నాళ్లు గడిచాక, ఒకరితో ఒకరికి పనిపడే ఇద్దరు మీకు తెలిసినవాళ్లలోనే కనపడతారు. గరిటెలు చేసే ఆయన ఒకరు, చెన్నైలో వంటసామాను కొట్టు నడిపే ఆవిడ ఇంకొకరు అనుకుందాం. నంబర్లు ఇచ్చేయకండి. ముందు ఇద్దరినీ విడివిడిగా అడగండి. ఇద్దరూ సరే అన్నాక ముగ్గురితో ఒక గ్రూపు తెరిచి, ఆయన ఏం చేస్తారో, ఆవిడకు ఏం కావాలో రెండేసి వాక్యాల్లో రాసి, మిగతా మాటలు వాళ్లకు వదిలేయండి. నెల తర్వాత ఇద్దరికీ ఒకసారి ఫోన్ చేసి పని ఎంతవరకు వచ్చిందో కనుక్కోండి.